అమ్మ కోసం బాత్రూమ్, ర్యాంప్ మార్చాలి: పని తెలిసిన కాంట్రాక్టర్‌ని ఎలా పట్టుకోవాలి?

తెనాలి_అమ్మాయి
అమ్మకి 68 ఏళ్లు. గత నెల పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. ఫిజియో చేయిస్తున్నారు, పట్టుకుంటే లేచి నిలబడుతోంది. వచ్చే వారం డిశ్చార్జ్ అంటున్నారు. ఇల్లు తెనాలిలో, నాన్న కట్టించిన పాత ఇల్లు. ముందు మూడు మెట్లు, వరండా, గుమ్మానికి నాలుగంగుళాల గడప. బాత్రూమ్ నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. లోపలికి ఒక మెట్టు దిగాలి. తలుపు రెండున్నర అడుగులు, లోపలికి తెరుచుకుంటుంది.

ఇద్దరిని పిలిచాం. ఒకరు విజయవాడ నుంచి వచ్చిన ఇంటీరియర్స్ కంపెనీ మనిషి. 'సీనియర్ సిటిజన్ ప్యాకేజీ' అని 1,85,000 చెప్పాడు, సగం అడ్వాన్స్ కావాలన్నాడు. ఫోన్‌లో ఫొటోలు చూపించాడు, అన్నీ హోటల్ బాత్రూముల్లా ఉన్నాయి. రెండో ఆయన మా ఊరి మేస్త్రి, మా పై గది కట్టినాయనే. 60 వేలల్లో అవుతుందన్నాడు. మనిషి మీద నమ్మకం ఉంది. కానీ ఇలాంటి పని ఇంతవరకు చేయలేదని ఆయనే చెప్పాడు. ఈ పని చేయగలిగిన మనిషి అని ఎలా తెలుస్తుంది? లైసెన్స్ లాంటిది ఏదైనా అడగాలా? నేనుండేది మియాపూర్‌లో, రోజూ దగ్గరుండి చూసుకోలేను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

మణికొండ_మామ
సగం అడ్వాన్స్ మాత్రం ఇవ్వకమ్మా. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

సివిల్_శీను
లైసెన్స్ సంగతి నేను చెప్తాను, ఇరవై ఏళ్లుగా ఈ లైన్‌లోనే ఉన్నా. మన దగ్గర ఇంటి లోపల మార్పులు చేసే కాంట్రాక్టర్‌కి విడిగా ఏ లైసెన్సూ లేదు. 'క్లాస్ వన్ కాంట్రాక్టర్' అని కార్డు మీద వేసుకుంటారే, అది ప్రభుత్వ టెండర్ల కోసం చేసుకునే రిజిస్ట్రేషన్. దానికీ మీ బాత్రూమ్‌కీ సంబంధం లేదు. లైసెన్స్ ఉండేది ఎలక్ట్రికల్ పనికి. వైరింగ్ మార్చేవాడికి ఆ పర్మిట్ ఉందో లేదో అడగండి.

కాబట్టి కాగితం చూసి అర్హత తేల్చలేరు. చేసిన పని చూడాలి. 'ఇలాంటి పని చేసిన ఇళ్లు రెండు చెప్పండి, వాళ్లతో మాట్లాడతాను' అనండి. ఫొటో ఎవడైనా నెట్‌లోంచి దించుకుంటాడు.

ఫ్రీమాంట్_సుధ
మా అత్తగారికి ఇక్కడ కాలిఫోర్నియాలో చేయించాం. లైసెన్స్ నంబర్ కొడితే రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో వాళ్ల చరిత్రంతా వస్తుంది. అడ్వాన్స్‌కి కూడా చట్టం ఉంది: ఇంటి మార్పుల పనికి మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించి ముందు తీసుకోకూడదు. పైగా వయసు పైబడినవాళ్ల ఇళ్లు మార్చడానికి విడిగా ఒక సర్టిఫికేషన్ ఉంది, ఇళ్లు కట్టేవాళ్ల జాతీయ సంఘమే ఇస్తుంది. సగం అడ్వాన్స్ అంటే ఇక్కడ నేరుగా ఫిర్యాదు చేయొచ్చు.

డాలస్_రెడ్డి
సుధ గారూ, అమెరికా అంతా అలా ఉండదండి. మా టెక్సాస్‌లో జనరల్ కాంట్రాక్టర్‌కి రాష్ట్ర లైసెన్సే లేదు. ప్లంబింగ్, ఎలక్ట్రికల్ లాంటి పనుల వాళ్లకే ఉంది. మేమూ శీను గారు చెప్పినట్టే పాత కస్టమర్లకి ఫోన్ చేసి కనుక్కున్నాం.

మణికొండ_మామ
కాలిఫోర్నియా, టెక్సాస్ తిరిగొచ్చాం, ఇక తెనాలిలో దిగుదామా? ఆ అమ్మాయికి వారమే టైముంది.

చక్రాల_మీద
నేను 2011 నుంచి వీల్‌చైర్‌లో ఉన్నాను, వెన్నుపూస దెబ్బ. నాలుగు అద్దె ఇళ్లు మార్చుకున్నాను, ఒక సొంత ఇల్లు కట్టుకున్నాను. కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

ఒక్క విషయం అడుగుతాను. ఆ ఇద్దరిలో మీ అమ్మగారి గురించి అడిగిందెవరు? ఏ చెయ్యి పనిచేస్తుంది, ఎంత ఎత్తు ఉంటారు, కుర్చీలోంచి ఎలా లేస్తారు, పక్కన ఎవరుంటారు? గది కొలిచేవాళ్లు చాలామంది ఉన్నారు. మనిషిని కొలిచేవాడు దొరకాలి. ఈ పనికి అసలు అర్హత అదే.

ఎడమ పక్క పడిపోయిందంటే మీ అమ్మగారికి పట్టు ఉండాల్సింది కుడి చేతికి. కమోడ్ మీద కూర్చున్నప్పుడు కుడి పక్కన గోడ ఉండాలి, దానికి గ్రాబ్ బార్, అంటే పట్టుకుని లేచే గట్టి కడ్డీ, ఉండాలి. హెల్త్ ఫాసెట్, ఫ్లష్, సబ్బు అన్నీ ఆ పక్కనే. మా ఇంట్లో మొదటి కాంట్రాక్టర్ బార్‌లన్నీ 'సిమెట్రీగా ఉంటాయి సార్' అని రెండు పక్కలా ఒకే ఎత్తులో బిగించాడు. చూడ్డానికి బాగుంది. నేను కుర్చీలోంచి కమోడ్ మీదకి జరగాలంటే ఒక బార్ సరిగ్గా డొక్కకి తగిలేది. అది కోయించి, పైకి తిరిగే మడత బార్ పెట్టించుకున్నాను.

తలుపు గురించి కూడా చెప్పాలి. రెండున్నర అడుగుల తలుపంటే ద్వారబంధం, రెక్క మందం పోగా 26 అంగుళాలు మిగిలితే గొప్ప. మామూలు వీల్‌చైర్ వెడల్పే 24 నుంచి 26. చేతి కణుపులు చెక్కుకుపోతాయి. ఇంకోటి, లోపలికి తెరిచే తలుపు ఇవాళే మార్చేయండి. మనిషి లోపల పడిపోతే ఒళ్లు తలుపుకి అడ్డం పడుతుంది, బయట నుంచి తెరవలేరు.

తెనాలి_అమ్మాయి
ఎవరూ అడగలేదండి. ప్యాకేజీ ఆయన టైల్స్ రంగు అడిగాడు. మేస్త్రి 'అమ్మగారు ఎలా ఉన్నారు' అని అడిగారు కానీ కొలతల కోసం కాదు, మనసు పట్టక.

ఫిజియో_వరంగల్
నేను ఫిజియోథెరపిస్ట్‌ని. అందరూ కట్టడం మీద పడ్డారు, ఒక్క నిమిషం ఆగండి. స్ట్రోక్ తర్వాత మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో కోలుకోవడం ఎక్కువగా ఉంటుంది. ఇవాళ వీల్‌చైర్‌లో ఉన్నామె మూడు నెలలకి వాకర్ పట్టుకుని నడవొచ్చు. ఇవాళ్టి అవసరం చూసి లక్షా ఎనభై ఐదు వేలు గోడల్లో పెడితే రేపు సగం పనికిరాదు. ప్రస్తుతానికి మంచం పక్కన కమోడ్ చైర్ పెట్టండి. స్నానానికి చేతులున్న ప్లాస్టిక్ బాత్ చైర్ చాలు. ఈలోగా ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కి (రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడం నేర్పేవారు) ఇల్లు చూపించండి. మీ హాస్పిటల్‌లో రిహాబ్ విభాగం ఉంటే డిశ్చార్జ్‌కి ముందే అడగండి. ఇంటికి రాలేకపోతే బాత్రూమ్ వీడియో, కొలతలు తీసుకెళ్లి చూపించండి, అదీ పనికొస్తుంది.

గుంటూరు_గోపి
ఇది నేను ఒప్పుకోను డాక్టర్ గారూ. మా నాన్నని కూడా 'కొన్నాళ్లు ఆగండి' అన్నారు. ఇంటికొచ్చిన వారంలోనే బాత్రూమ్ మెట్టు దగ్గర పడ్డారు. తుంటి ఎముక విరిగింది. స్ట్రోక్ కంటే ఆ పడటమే ఆయన్ని మంచాన పడేసింది. కమోడ్ చైర్ ఉంది, అయినా ఆయన వినలేదు. 'నలుగురి ముందు హాల్లో కూర్చోనా' అని రాత్రి ఒక్కరే లేచి వెళ్లారు. పెద్దవాళ్లకి పరువు ప్రాణం కంటే ఎక్కువ. ఆగమని చెప్పేముందు అది కూడా చూడాలి.

ఫిజియో_వరంగల్
గోపి గారూ, మీ నాన్నగారి విషయం చదివి బాధేసింది. మీరన్నది నిజం, సరిచేసి చెప్తాను. ఇంటికి రాకముందే చేయాల్సినవి: బార్‌లు, తలుపు బయటికి తిప్పడం, రాత్రి లైటు, జారని నేల, మంచం నుంచి బాత్రూమ్ దాకా దారి ఖాళీ చేయడం. గోడలు పగలగొట్టి కమోడ్ జరపడం లాంటివే ఆగమంటున్నాను. కమోడ్ చైర్ పెట్టినా చుట్టూ తెర కట్టండి.

నల్గొండ_నవీన్
పెద్దవాళ్ల పరువు సంగతి అక్షరాలా నిజం. మా బాపు బెల్ కూడా నొక్కడు, 'పిల్ల పడుకుంది, ఎందుకు లేపాలె' అంటడు.

తెనాలి_అమ్మాయి
చాలా థాంక్స్. ఇవాళే హాస్పిటల్‌లో అడుగుతాను. ర్యాంప్ గురించి కూడా చెప్పండి. మేస్త్రి మెట్ల పక్కన ఆరడుగుల ర్యాంప్ పోస్తానంటున్నారు. మూడు మెట్లు కలిపి పద్దెనిమిది అంగుళాల ఎత్తు.

సివిల్_శీను
వద్దు. ఆయన మనసులో ఉన్నది బండి ఎక్కించే ర్యాంప్. మన ఊళ్లలో ర్యాంప్ అంటే స్కూటర్ కోసమే. 18 అంగుళాల ఎత్తుకి ఆరడుగులంటే 1కి 4 వాలు. పైకి తోసేవాడికి నడుం పోతుంది, దిగేటప్పుడు కుర్చీ ఆగదు.

గుర్తుపెట్టుకోవడానికి తేలిక లెక్క ఇది: ఎత్తు ఎన్ని అంగుళాలో పొడవు అన్ని అడుగులు. అదే 1కి 12. వికలాంగులకి అనువుగా కట్టడాలు ఎలా ఉండాలో కేంద్రం 2021లో ఇచ్చిన హార్మనైజ్డ్ గైడ్‌లైన్స్‌లో కూడా మామూలు ర్యాంప్‌కి అంతకంటే నిటారు వద్దనే ఉంది. మీకు 18 అడుగులు కావాలి. పైన గుమ్మం ముందు ఐదడుగుల చదును స్థలం వేరే. అది లేకపోతే తలుపు తీసేటప్పుడు కుర్చీ వెనక్కి జారుతుంది.

అంచులకి మూడంగుళాల గట్టు కట్టాలి, చక్రం పక్కకి పోకుండా. రెండు పక్కలా రెయిలింగ్. పైన గ్రానైట్ వద్దు, నున్నటి టైల్ వద్దు. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే చీపురుతో అడ్డంగా గీతలు లాగించండి. వానలో అదే కాపాడుతుంది.

నల్గొండ_నవీన్
మా ఇంటి ముందు బండి ర్యాంప్ మీద మా తమ్ముడు వీల్‌చైర్ ట్రై చేసిండు. ఖాళీ కుర్చీయే. గేటు దాటి రోడ్డు మీదికి పోయింది. అదృష్టం, ఎవరూ లేరు అందులో.

తెనాలి_అమ్మాయి
గేటు నుంచి మెట్ల దాకా పద్నాలుగు అడుగులే ఉందండి. 18 ఎక్కడ తేను?

చక్రాల_మీద
తిన్నగా రానక్కర్లేదు. పక్క సందు ఉందా? ఇంటి గోడ వెంట తొమ్మిది అడుగులు వెళ్లి, అక్కడ ఐదడుగుల చదును పెట్టి, తిరిగి తొమ్మిది అడుగులు వస్తే సరిపోతుంది. మలుపు దగ్గర చదును తప్పనిసరి, వాలు మీద కుర్చీ తిప్పలేరు. లేదా వంటగది వైపు తలుపు చూడండి. పాత ఇళ్లలో పెరటి గుమ్మం దగ్గర ఎత్తు తక్కువ ఉంటుంది.

తెనాలి_అమ్మాయి
పెరటి వైపు ఒకటే మెట్టు! ఏడంగుళాలు ఉంటుందేమో. ఇది మాకెవరికీ తట్టలేదు.

సివిల్_శీను
అయితే ఏడు అడుగుల ర్యాంప్‌తో పని అయిపోయింది. మంచి కాంట్రాక్టర్ అయితే ఇల్లు చుట్టూ ఒకసారి తిరిగి ఆ మాట ఆయనే చెప్పేవాడు. ఇల్లంతా చూడకుండా రేటు చెప్పినవాడి దగ్గర జాగ్రత్త.

బందరు_భాను
పెరటి గుమ్మం నుంచి తీసుకెళ్తే అమ్మగారు నొచ్చుకోరా? మా అత్తయ్య 'నన్ను దొడ్డిదారిన తెస్తారా' అంది. మేం చివరికి ముందు గుమ్మమే మార్చాం. గడప తీస్తానంటే మామయ్య ఒప్పుకోలేదు, లక్ష్మి పోతుందన్నారు. వడ్రంగి ఒకాయన మంచి మాట చెప్పాడు. పాత టేకు గడపనే తీసి, చెక్కి, నేలకి సమానంగా దించి బిగించాడు. అర అంగుళం కూడా లేదు. ఇప్పటికీ శుక్రవారం పసుపు రాసి బొట్టు పెడుతుంది అత్తయ్య. చక్రం సాఫీగా దాటుతుంది.

మణికొండ_మామ
ఆ వడ్రంగి ఫోన్ నంబర్ అడగను గానీ, భాను, ఆయనకి నా దండం పెట్టు.

పామర్రు_ప్రసాద్
కమోడ్ దిక్కు మార్చేముందు వాస్తు కూడా చూసుకోండి. ఈశాన్యంలో పడితే ఇబ్బంది.

చక్రాల_మీద
ప్రసాద్ గారూ, మీ నమ్మకాన్ని కాదనను. కానీ కుడి చేతికి గోడ ఏ వైపు వస్తుందో ముందు చూడనివ్వండి. అది కుదిరాక దిక్కు.

మణికొండ_మామ
గ్రాబ్ బార్ గురించి నాక్కూడా చెప్పాల్సింది ఉంది. మా అపార్ట్‌మెంట్‌లో మా ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆన్‌లైన్‌లో స్టీల్ రాడ్ కొన్నాం. బిగించడానికి వచ్చినవాడు రెండు బెజ్జాలు వేసి, ప్లాస్టిక్ గట్టాలు కొట్టి, స్క్రూలు తిప్పేసి పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. మర్నాడు నేను ఊరికే చెయ్యి వేసి లాగాను. టైల్ ముక్కతో సహా చేతిలోకి వచ్చింది. లోపల చూస్తే బూడిదలాంటి తెల్లటి పొడి. లైట్ వెయిట్ బ్లాక్ గోడ. మా ఆవిడ పట్టుకుని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

సివిల్_శీను
ఇదే ఇంటర్వ్యూ ప్రశ్న అండి. 'ఈ గోడ దేనితో కట్టారు, బార్ దేనితో బిగిస్తారు?' అని అడగండి. గోడని వేలితో తట్టి, అటు పక్క ఏముందో చూసి జవాబు చెప్పేవాడు పనివాడు. 'ఏ గోడైనా పర్లేదు మేడమ్' అన్నాడంటే పంపించేయండి.

పాత తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే మంచి యాంకర్ బోల్టులు చాలు. బాత్రూమ్ అడ్డుగోడలు చాలాచోట్ల నాలుగున్నర అంగుళాలే ఉంటాయి. వాటికీ, లైట్ వెయిట్ బ్లాకులకీ అటు నుంచి ఇటు బోల్టు దూర్చి, అవతలి పక్క స్టీల్ ప్లేటు వేసి నట్టు బిగించాలి. బార్ 304 గ్రేడ్ స్టీల్, చేతికి పట్టు దొరికే లావు ఉండాలి, ఒకటిన్నర అంగుళం దాటొద్దు. టవల్ రాడ్ వేరు, గ్రాబ్ బార్ వేరు. బిగించాక కాంట్రాక్టర్‌నే దాని మీద పూర్తి బరువు వేసి వేలాడమనండి. వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.

విశాఖ_వాణి
అందరూ ప్యాకేజీ కంపెనీని తిట్టడమే గానీ, ఆ వైపు కూడా చూడండి. మేం కంపెనీతోనే చేయించాం. ప్లంబర్, టైల్స్, ఎలక్ట్రీషియన్ ముగ్గురినీ వాళ్లే తెచ్చుకున్నారు. బిల్లు ఇచ్చారు. ఆరు నెలల తర్వాత లీకేజీ వస్తే వచ్చి బాగుచేశారు. మేస్త్రి అయితే అప్పటికి ఏ ఊళ్లో పనిలో ఉంటాడో. ఊళ్లో లేని పిల్లలకి ఒకే మనిషి జవాబుదారీ కావడం తక్కువ విషయం కాదు.

గుంటూరు_గోపి
వాణి గారి మాటలో నిజముంది. కానీ తెనాలి లాంటి ఊళ్లో ఆ కంపెనీ కూడా లోకల్ మేస్త్రినే పెడుతుంది. మధ్యలో మార్జిన్ వాళ్లది.

విశాఖ_వాణి
పెడితే పెట్టనీండి, సంతకం ఎవరిదన్నదే నా మాట. ప్యాకేజీలో ఏముందో ఐటెమ్ వారీగా రాసివ్వమనండి. రాసిస్తే ఆలోచించండి, ఇవ్వకపోతే వద్దు.

కూకట్‌పల్లి_కిరణ్
ఇదే టాపిక్ కాబట్టి అడుగుతున్నా. మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గరికి రావాలంటే నాలుగు మెట్లు. నాన్న కోసం ర్యాంప్ వేస్తాం, ఖర్చు మాదే అంటే అసోసియేషన్ 'పార్కింగ్ పోతుంది' అని ఆపేసింది. చట్టం ఏమైనా ఉందా?

నాగమణి_వకీలు
2016 వికలాంగుల హక్కుల చట్టంలో సెక్షన్ 44 ఉంది. అందుబాటు నియమాలు పాటించని ప్లాన్‌కి అనుమతి ఇవ్వకూడదని చెబుతుంది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు ఆ నియమాల్లోని 15(1)ని కొట్టేసింది. 'పాటిస్తే మంచిది' అన్నట్టు కాకుండా తప్పనిసరి కనీస ప్రమాణాలు విడిగా తయారుచేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ లా యూనివర్సిటీలోని వైకల్య అధ్యయన కేంద్రమే.

మీ పని జరగాలంటే మాత్రం ముందు కోర్టు వద్దు. జనరల్ బాడీ మీటింగ్‌కి రాతపూర్వకంగా పెట్టండి, డ్రాయింగ్ జతచేయండి. ఎన్ని అడుగుల పార్కింగ్ పోతుందో అందులో చూపించండి. ఆ బ్లాక్‌లో ఉన్న మిగతా పెద్దవాళ్ల సంతకాలు తీసుకోండి. ఒప్పుకోకపోతే రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు చేయొచ్చు.

తెనాలి గారికి కూడా ఒక మాట. కొటేషన్ మీద సంతకం, యూపీఐలో చెల్లింపు, వాట్సాప్‌లో మాటలు, ఇవన్నీ ఆధారాలే. పని చెడగొట్టి వెళ్లిపోతే 2019 వినియోగదారుల చట్టం కింద సేవాలోపం అవుతుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి మొదలుపెట్టొచ్చు. నగదు ఇచ్చి, నోటిమాట మీద వెళ్తే నేనేమీ చేయలేను.

కూకట్‌పల్లి_కిరణ్
మా బ్లాక్‌లో మోకాళ్ల నొప్పులు లేని ఆంటీ లేరు మేడమ్, సంతకాలకి కొదవ లేదు.

తెనాలి_అమ్మాయి
అప్‌డేట్. హాస్పిటల్‌లోనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్ ఉన్నారట, అడిగితే గానీ ఎవరూ చెప్పలేదు. అమ్మని మామూలు కుర్చీలో కూర్చోబెట్టి, లేవమన్నారు. కుడి చెయ్యి గోడ మీద తనంతట తాను ఎక్కడ పడిందో అక్కడ చాక్‌పీస్‌తో గీత పెట్టారు. మళ్లీ లేపి, నిలబడ్డాక చెయ్యి ఎక్కడికి జరిగిందో అక్కడ ఇంకో గీత. 'బార్ ఈ రెండిటినీ కలపాలి, కొంచెం ఏటవాలుగా' అన్నారు. అమ్మ కూర్చుని లేవడానికి 18 అంగుళాల ఎత్తు హాయిగా ఉంది. మా కమోడ్ 15. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చారు.

అది పట్టుకుని ఇద్దరికీ మళ్లీ ఫోన్ చేశాను. శీను గారి గోడ ప్రశ్న అడిగాను. కంపెనీ ఆయన 'మా టీమ్ చూసుకుంటుంది' అన్నాడు, ఐటెమ్ వారీగా రాసివ్వడం కుదరదన్నాడు. మేస్త్రి వెంటనే ఇంటికెళ్లి, గోడ తట్టి చూసి, అవతలి పక్క వంటగది అలమర ఉందని చెప్పారు. ఆ తర్వాత ఆయనే ఇంకో మాట అన్నారు. 'మెట్టు లేకుండా బాత్రూమ్ నేల ఐదంగుళాలు లేపితే కమోడ్ అంత కిందికి పోయినట్టే కదమ్మా, పదంగుళాలే మిగుల్తుంది. దాన్నీ లేపి కొత్తగా కూర్చోబెట్టాలి. తలుపు కింద కూడా కొయ్యాలి.' నాకు అప్పుడు ధైర్యం వచ్చింది.

చక్రాల_మీద
ఆయన్ని వదలకండి. ఇలాంటి పని చేయలేదని ముందే చెప్పాడు, కాగితం చేతికిస్తే మీకంటే ముందు ఆలోచించాడు. వీల్‌చైర్ ఇళ్లు చేశానని గొప్పలు చెప్పి కమోడ్ ఎత్తు మరిచిపోయినవాళ్లని చూశాను నేను.

ఫిజియో_వరంగల్
పని మొదలయ్యే రోజు వీడియో కాల్‌లో మేస్త్రితో మాట్లాడమని మీ థెరపిస్ట్‌ని అడగండి. పది నిమిషాలు చాలు. టైల్ అంటించాక అయితే ఏం చెప్పినా దండగే.

సివిల్_శీను
డబ్బులు ఇలా ఇవ్వండి. మెటీరియల్ మీరే షాపుకి నేరుగా కట్టండి, బిల్లు మీ పేరు మీద. మేస్త్రికి లేబర్ మాత్రం దశలవారీగా: నేల లేపి వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక కొంత, టైల్స్ అయ్యాక కొంత. పదో వంతు నెల తర్వాత. వాటర్‌ప్రూఫింగ్ చేశాక జాలీ మూసి, నీళ్లు నింపి కనీసం 24 గంటలు ఉంచి, పక్క గోడలు చెమ్మగిల్లాయా చూడాలి. టైల్స్ వేశాక చూస్తే లాభం లేదు.

నేల లేపాక బాత్రూమ్, గది ఒకే మట్టం అవుతాయి. నీళ్లు గదిలోకి రాకుండా గుమ్మం దగ్గర అడ్డంగా పొడవాటి జాలీ వేయించండి. నేల వాలు గుమ్మానికి దూరంగా, స్నానం చేసే మూలకి పోవాలి. ఈ రెండూ కాగితం మీద ఎక్కించండి.

తలుపు వెడల్పు చేయాలంటే పైన లింటెల్, అంటే గుమ్మం మీద గోడ బరువు మోసే దూలం, చూడాలి. ఒక పక్క ఆరంగుళాలు కొట్టేస్తే లింటెల్ కూర్చున్న ఆధారమే పోవచ్చు. పాత ఇల్లు కాబట్టి ఆ ఒక్క దానికి లోకల్ ఇంజినీర్‌ని పిలిపించి, ఫీజు ఇచ్చి చూపించండి. లేదంటే ద్వారబంధం తీసేసి, బయటి గోడ మీద జారే తలుపు పెట్టుకోండి. ఉన్న సందులోనే నాలుగంగుళాలు కలిసొస్తాయి.

విశాఖ_వాణి
నేను ఓడిపోయానని ఒప్పుకోను గానీ, ఈ మేస్త్రి గారు మాకు దొరికి ఉంటే కంపెనీ దగ్గరికి వెళ్లేదాన్ని కాదు.

ఫ్రీమాంట్_సుధ
టైల్స్ గురించి ఎవరూ చెప్పలేదు. షాపులో 'యాంటీ స్కిడ్' అంటే నమ్మకండి. జారకుండా ఎంత పట్టు ఉందో చెప్పే ఆర్ 10 లేదా ఆర్ 11 రేటింగ్ అడగండి. శాంపిల్ మీద సబ్బు నీళ్లు పోసి చెప్పుల్లేకుండా నిలబడి చూడండి. చిన్న టైల్స్ అయితే గ్రౌట్ గీతలు ఎక్కువ, అవి కూడా పట్టు ఇస్తాయి.

బందరు_భాను
టైల్ రంగు కమోడ్ రంగుకి పూర్తిగా వేరుగా ఉండేలా చూడండి. మా అత్తయ్యకి చూపు తక్కువ, తెల్ల నేల మీద తెల్ల కమోడ్ అంచు కనిపించేది కాదు. చెయ్యి చాచి వెతుక్కునేది.

తెనాలి_అమ్మాయి
రంగు సంగతి మంచిదైంది, తెల్లవే చూసి పెట్టాను. మార్చేస్తాను. సోమవారం పని మొదలు. అమ్మ వచ్చేలోపు బార్, తలుపు, పెరటి ర్యాంప్. నేల, కమోడ్ ఎత్తు ఆమె కొంచెం కుదుటపడ్డాక, అప్పటిదాకా కమోడ్ మీద పెట్టే రైజర్ సీటు కొన్నాం. ముందు గుమ్మం గడప గురించి నాన్నతో భాను గారి మాట చెప్పాను, 'చూద్దాం' అన్నారు. మా నాన్న చూద్దాం అంటే సగం ఒప్పుకున్నట్టే.

ఇంకొక్కటి. గీజర్ పాతది, స్విచ్ బాత్రూమ్ లోపలే ఉంది. మార్చాలా?

నల్గొండ_నవీన్
స్విచ్ బయటికి తీయించుండ్రి, వెంటనే.

సివిల్_శీను
స్విచ్ బయటికి. ఆ లైన్‌కి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించండి, తడి చేత్తో షాక్ కొడితే క్షణంలో పవర్ కట్ చేస్తుంది. ఎర్త్ ఉందో లేదో మీటర్‌తో కొలిపించండి, పాత ఇళ్లలో ఎర్త్ తీగ పేరుకే ఉంటుంది. ఈ పని మాత్రం మేస్త్రి తెలిసినవాడితో కాదు, పర్మిట్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో.

చక్రాల_మీద
గీజర్ టెంపరేచర్ కూడా తగ్గించి పెట్టండి. పక్షవాతం వచ్చిన పక్క కొందరికి వేడి సరిగ్గా తెలియదు, కాలినా గమనించరు. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాత వేడినీళ్లు పట్టి, మీ నాన్నగారు చెయ్యి పెట్టి చూశాకే పొయ్యాలి. కాలింగ్ బెల్ తాడు నేలకి జానెడు ఎత్తు దాకా వేలాడేలా కట్టించండి, కిందపడ్డ మనిషికి గోడ మీది స్విచ్ అందదు.

తెనాలి_అమ్మాయి
రాసుకున్నాను. ఎలక్ట్రీషియన్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తున్నాను.